తవ్విన మట్టే గట్టయింది

అమెరికాలో రెండు కాలేజీల మధ్య తొలి క్రీడాపోటీ 1852లో జరిగిన పడవ పందెం. అందులో హార్వర్డ్ గెలిచింది, యేల్ ఓడింది. ఆ పంతం ఇప్పటికీ తగ్గలేదు. నాకు మాత్రం యేల్ జట్ల గెలుపోటముల కంటే అవి ఆడే చోట్ల మీదే మోజు. అన్నిటికన్నా ముందు చెప్పుకోవలసింది న్యూ హేవెన్‌లోని యేల్ బౌల్ స్టేడియం.

ఇరవయ్యో శతాబ్దం తొలి రోజుల్లో అమెరికన్ ఫుట్‌బాల్‌కు జనం విరగబడేవారు. (బంతిని చంకన పెట్టుకుని పరుగెత్తే ఆటకు ఆ పేరెందుకో వాళ్లే చెప్పాలి.) యేల్‌కు ఏకంగా 70 వేల మందిని కూర్చోబెట్టే స్టేడియం కావలసి వచ్చింది. యేల్‌లోనే చదివిన ఇంజనీరు చార్లెస్ ఫెర్రీ దాన్ని నేల మీద లేపలేదు, నేలలోకి దించాడు. ఆటస్థలాన్ని 27 అడుగుల లోతుకు తవ్వించి, ఆ మట్టినే చుట్టూ గట్టుగా పోయించాడు. లోపలి వాలు మీద కాంక్రీటు పరిపించి బల్లలు వేయించాడు. చెరువు తవ్విన మట్టితోనే కట్ట పోసే మనవాళ్లకు ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. పాంపేయిలో ఆంఫీథియేటర్ కట్టేటప్పుడు రోమన్లు చేసిందీ ఇంచుమించు ఇదే.

అసలు నేర్పు దారుల్లో ఉంది. గట్టును తొలుచుకుంటూ 30 సొరంగాలు లోపలికి వెళ్తాయి. సగం కట్టడం నేలకు కింద, సగం పైన ఉంది కాబట్టి, బయటి నుంచి నడిచొచ్చినవాడు సరిగ్గా వరుసల నడిమికి చేరతాడు. అక్కడి నుంచి కొందరు దిగుతారు, కొందరు ఎక్కుతారు. అడుగు నుంచి కొస దాకా ఎక్కే పని ఎవరికీ లేదు. పైకప్పు లేదు, చూపుకు అడ్డొచ్చే స్తంభమూ లేదు.

లోపం లేదా అంటే, ఉంది. ఆటగాళ్లు దుస్తులు మార్చుకునే గదులు లోపల లేవు. వేరే భవనం నుంచి నడిచి రావాలి. 1914 నవంబర్ 21న ప్రారంభం నాటి పోటీలోనే యేల్‌ను హార్వర్డ్ 36-0తో చిత్తు చేసింది. ఆ పాపం ఇంజనీరుది కాదు లెండి. అయినా కాలిఫోర్నియాలోని రోజ్ బౌల్ స్టేడియానికి ఒరవడి యేల్ బౌలే.

యేల్‌లోనే 1958లో పూర్తయిన ఇంగాల్స్ ఐస్ హాకీ రింక్ దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి. వాస్తుశిల్పి ఈరో సారినెన్ నడుమ వెన్నెముకలా ఒక కాంక్రీటు కమాను వంచి, దాని నుంచి రెండు వైపులా ఇనుప తీగలు లాగి, వాటి మీద చెక్క పైకప్పును నిలిపాడు. విద్యార్థులు దాన్ని ముద్దుగా తిమింగలం అంటారు. అందంలో దానికి సాటి లేదు. కానీ అది దూరం నుంచే తన గొప్ప చాటుకుంటుంది. బౌల్ అలా కాదు, లోపల అడుగుపెడితే గాని తన సంగతి తెలియనివ్వదు. నా ఓటు ఫెర్రీకే.