ఊడిపోయిన సున్నలు

తెలుగు స్త్రీల సాహిత్య చరిత్ర రాయడానికి కూర్చున్నప్పుడు మనం పత్రికల పేర్లతో మొదలుపెడతాం. 1902లో వచ్చిన 'హిందూ సుందరి' దగ్గర ఆగుతాం. ఎవరు నడిపారు, ఎవరు రాశారు, ఏ సమస్యల మీద రాశారు అని అడుగుతాం. ఆ అక్షరాలు ఎవరు పేర్చారు, కాగితం ఎవరు మడిచారు అని మాత్రం అడగం. అచ్చు అనేది రచనకు ఆవల జరిగే పనిగా, మగవాళ్ళ పనిగా, సాహిత్య విమర్శకు సంబంధం లేని పనిగా వదిలేశాం. అచ్చయిన పుస్తకానికే ఈ గతి పడితే ఇక సైక్లోస్టైల్ కాగితాల సంగతి చెప్పేదేముంది! అవి పుస్తకాలు కావు, పూర్తిగా పత్రికలూ కావు, రాతప్రతులంతకన్నా కావు. లైబ్రరీ కేటలాగులో వాటికొక గడి లేదు. 1970లు, 80లలో స్త్రీల సంఘాలు పంచుకున్న మాటల్లో ఎన్నో ఆ నలుసు కాగితాల మీదే ఉండేవి. ఇప్పుడు వాటి కోసం వెతికితే ఎవరింట్లోనో పాత ట్రంకు పెట్టెలో దొరకాలి, లేదా దొరకకూడదు.

ఈ మధ్య ఆ సైక్లోస్టైల్ యంత్రపు మనవరాలు కొత్త రంగులు కట్టుకుని కళారంగంలోకి వచ్చింది. పేరు రిసోగ్రాఫ్. డిజైనర్లు, చిత్రకారులు, ముఖ్యంగా యువతులు దాని మీద చిన్న చిన్న పుస్తకాలు, బొమ్మల కథలు, పోస్టర్లు వేస్తున్నారు. నెదర్లాండ్స్‌లోని నైమెఖెన్ పట్టణంలో నస్ట్ అనే బృందం ఈ తరహా ముద్రణను కళగా చేపట్టి దశాబ్దాలయింది. ఇటీవలి ఏళ్ళలో మన దేశపు నగరాల్లోనూ ఇలాంటి స్టూడియోలు వచ్చాయి. ఈ పుస్తకాల గురించి జరుగుతున్న చర్చలో ఒక ఖాళీ నన్ను ఇబ్బంది పెడుతోంది. దాని గురించి మాట్లాడాలంటే ముందు ఈ యంత్రం ఎలా పనిచేస్తుందో చూడాలి.

సూత్రం పాతదే. పలచటి పొరకు చిల్లులు పెట్టి, వాటిగుండా సిరాను కాగితం మీదికి దిగేలా చేయడం. 1876లో ఎడిసన్ కరెంటు కలానికి పేటెంటు తీసుకున్నాడు. 1881లో లండన్‌లో డేవిడ్ గెస్టెట్నర్ కొసన చిన్న చక్రం ఉన్న కలాన్ని తెచ్చాడు. సైక్లోస్టైల్ అన్న పేరు ఆ చక్రం నుంచే వచ్చింది. 1894లో జపాన్‌లో హోరీ షింజిరో ఇదే దారిలో తమ లిపికి పనికొచ్చే పరికరం తయారుచేశాడు. 1946లో టోక్యోలో నొబోరు హయామా ఒక చిన్న సైక్లోస్టైల్ ముద్రణశాలగా ప్రారంభించిందే తర్వాతి రోజుల్లో రిసో కంపెనీ అయింది. రిసో అంటే జపాన్ భాషలో ఆదర్శం. 1980లలో వచ్చిన వాళ్ళ యంత్రంలో మైనపు కాగితాన్ని చేత్తో కోయనక్కర్లేదు. యంత్రమే వేడి చుక్కలతో మాస్టర్‌కు చిల్లులు పెట్టి, దాన్ని సిరా డ్రమ్ముకు చుట్టుకుంటుంది. నిమిషానికి నూరు కాగితాల దాకా బయటికొస్తాయి. ఒక డ్రమ్ములో ఒకే రంగు. రెండో రంగు కావాలంటే డ్రమ్ము మార్చి, అవే కాగితాలు మళ్ళీ పెట్టి తీయాలి. నీలం మీద పసుపు పడితే ఆకుపచ్చ. కాగితం ఒక వెంట్రుకవాసి జరిగితే రంగూ జరుగుతుంది. సిరా ఆరేది కాగితం పీల్చుకోవడం వల్లే కాబట్టి ఎన్నాళ్ళకైనా వేలికి కొంచెం అంటుతుంది.

ఇక తెలుగు సంగతి. మైనపు స్టెన్సిల్‌ను కోయడమంటే టైపు మిషన్ రిబ్బన్ పక్కకు తప్పించి, ఉత్త అచ్చుతో ఆ పొరను కొట్టడం. ఇంగ్లీషు టైపిస్టులకు తెలిసిన చిక్కు ఒకటుంది. గట్టిగా కొడితే గుండ్రటి అక్షరం మధ్యభాగం మొత్తం ఊడి కిందపడుతుంది. కాగితం మీద సున్నకు బదులు నల్లమచ్చ పడుతుంది. ఇంగ్లీషుకే అలాగుంటే, నిండా గుండ్రాలే ఉన్న మన లిపి మాటేమిటి? తెలుగు టైపు మిషన్లు అందరికీ అందేవి కావు. ఎక్కువమంది ఇనప పలక మీద స్టెన్సిల్ పరిచి, ఉక్కుమొన కలంతో చేత్తోనే రాసేవారు. తాటాకు మీద ఘంటంతో రాయడం వల్ల మన అక్షరాలు గుండ్రంగా తిరిగాయంటారు. ఆ గుండ్రాలే మైనపు పొర మీద ప్రమాదమయ్యాయి. సున్నను పూర్తిగా మూయకుండా, ఎక్కడో వెంట్రుకంత సందు వదిలి రాయాలి. అది చేయి తిరిగిన మనిషికే తెలిసే నేర్పు. మన సాహిత్య చరిత్రల్లో ఛందస్సు నేర్పుకు అధ్యాయాలున్నాయి. ఈ నేర్పుకు ఒక వాక్యం లేదు.

ఎందుకు లేదు? ఆ చేయి ఎక్కువగా ఆడవాళ్ళది కావడం ఒక కారణమని నా అభిప్రాయం. ఆఫీసుల్లో టైపిస్టు ఉద్యోగం ఆడవాళ్ళకు తగినదన్న పేరు తెచ్చుకుంది. ఉద్యమాల్లో, సంఘాల్లో 'చేతిరాత బాగుంటుంది కదా, నువ్వు రాయమ్మా' అన్న మాట ఆడవాళ్ళకే వినబడింది. కరపత్రం కింద రాసినవారి పేరో సంఘం పేరో ఉంటుంది. కోసినవారి పేరుండదు. ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో నల్లజాతివారి హక్కుల కోసం పోరాడిన స్నిక్ అనే విద్యార్థి సంస్థలో 1964 నవంబరులో ఒక పత్రం వచ్చింది. రాసిన స్త్రీలు పేరు పెట్టుకోలేదు. సంస్థలో స్త్రీలకు టైపు పని, మినిట్స్ రాసే పని అంటగడుతున్నారని, నిర్ణయాల్లో చోటివ్వడం లేదని ఒక్కొక్క ఉదాహరణా చెప్పుకుంటూ వచ్చారు. సమానత్వం కోసం ప్రాణాలకు తెగించిన సంస్థలోనూ టైపు మిషన్ ముందు కుర్చీ ఎవరిదో ముందే తేలిపోయింది. ఆ కుర్చీలోంచే ఆ ప్రశ్న పుట్టింది.

మన దగ్గర స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివినప్పుడు, ఉద్యమాన్ని నిలబెట్టిన పనులు అంటే ఏమిటన్న లెక్కే మారిపోయింది. వంట, కాపలా, కబురు మోయడం కూడా చరిత్రే అని మనం ఒప్పుకున్నది అప్పుడే. 2012లో వచ్చిన కొండపల్లి కోటేశ్వరమ్మ గారి 'నిర్జన వారధి' ఆ లెక్కను మరింత లోతుకు తీసుకెళ్ళింది. నకలు తీసే పనిని కూడా ఈ వరసలో చేర్చాలని నా వాదన. అదీ ఒక సేవగానో త్యాగంగానో కాదు, సాహిత్య వ్యాపారంగానే చేర్చాలి. ఎందుకంటే స్టెన్సిల్ కోసే మనిషి ఆ రచనకు మొదటి పాఠకురాలు. వాక్యం ఎక్కడ విరిచితే పేజీలో ఇముడుతుందో, ఏ మాట తీసేయాలో, ఏ తప్పు దిద్దాలో ఆమె చేతిలోనే తేలుతుంది. అచ్చు పుస్తకం విషయంలో ఈ పని చేసినవారిని ఎడిటర్ అంటాం. ఆమెను ఏమీ అనం.

ఇప్పుడు రిసో దగ్గరికి వద్దాం. దీని అభిమానులు ఎక్కువగా మెచ్చుకునేది దీని తప్పుల్ని. రంగు పక్కకు జరగడం, సిరా ఒకచోట మందంగా ఒకచోట పలచగా పడటం, వేలిముద్ర మిగలడం. ఏ ప్రతికా ప్రతి వేరుగా ఉంటుందని, యంత్రంలోనూ చేతి స్పర్శ కనబడుతుందని అంటారు. వినడానికి బాగుంటుంది. మా చీపురుపల్లిలో ఈ మాటకు ఇంకో అర్థం ఉంది.

మా ప్రాంతంలో రిసో కళాయంత్రం కాదు. యూనిట్ టెస్టు పేపర్లు, ఫీజు నోటీసులు, ఎన్నికల చీటీలు తీసే యంత్రం. మా విద్యార్థినులు రాసిన చిన్న కథల్ని రెండు రంగుల్లో పుస్తకంగా వేయించడానికి ఒక దుకాణానికి వెళ్ళాను. నలుపు డ్రమ్ముతో పాటు వాళ్ళ దగ్గర ఎరుపు డ్రమ్ము ఒకటుంది. యంత్రం నడిపేది ముప్పై దాటిన ఒకామె. మొదటి కాగితంలో ఎరుపు సూర్యుడు గీత దాటి పక్కకు పోయాడు. నాకది అందంగా కనబడింది. ఆమె మాత్రం కంగారుపడింది.

"ఏటి మేడమ్, ఎరుపు పక్కకి జరిగిపోనాది. ఇది పారీసి మళ్ళీ తీసీమంటారా?"

"ఉండనీ అమ్మా, ఇలాగే బాగుంది" అన్నాను.

"మీకైతే బాగుంటాదండి. స్కూలు పేపరు ఇలాగొస్తే మాకు డబ్బులివ్వరు."

రిసో సౌందర్యం గురించి నేను చదివిన వాటిలో ఈ ఒక్క ముక్క ఎక్కడా లేదు. తప్పు అందమవ్వాలంటే ఆ తప్పుకు జీతంలో కోత పడని మనిషి కావాలి. అదే జారిన రంగు ఒకచోట పరిమిత ప్రతుల కళాఖండం, ఇంకోచోట చెత్తబుట్టలోకి పోయే కాగితం. మధ్యలో తేడా సిరాది కాదు. మన స్త్రీవాద విమర్శ కులం, వర్గం, ప్రాంతం అని మాట్లాడటం నేర్చుకుని చాలాకాలమైంది. ముద్రణ అందం గురించి మాట్లాడేటప్పుడు మాత్రం ఆ మాటలు మర్చిపోతున్నాం.

అంతమాత్రాన ఈ రంగుల పుస్తకాలు తీరికున్నవాళ్ళ సరదా అని కొట్టిపారేయను. రంగు ఒక్కొక్కటే వేయాల్సి రావడంలో ఒక క్రమశిక్షణ ఉంది. ఏది నలుపులో ఉండాలి, రెండో రంగుకు నోచుకునేది ఏది అని ప్రతి పేజీలోనూ తేల్చుకోవాలి. అది అర్థానికి సంబంధించిన నిర్ణయం, అలంకారం కాదు. ఇంతకన్నా ముఖ్యమైనది, ఈ కుటుంబానికి చెందిన ముద్రణను మన దేశంలో స్త్రీలు ఇదివరకే సొంతం చేసుకున్నారు. 1990లలో ఉత్తరప్రదేశ్‌లోని బాందా జిల్లాలో, మహిళా సమాఖ్య కార్యక్రమంలో అక్షరాలు నేర్చుకున్న గ్రామీణ స్త్రీలు 'మహిళా డాకియా' అనే పత్రిక నడిపారు. చేత్తో రాసి, బొమ్మలు గీసి, స్క్రీన్ ప్రింటింగ్‌తో తామే వేసేవారు. స్క్రీన్ ప్రింటింగ్ కూడా పొరలోని సందుల్లోంచి సిరా దింపడమే. ఆ ప్రాంతంలోనే 2002లో 'ఖబర్ లహరియా' మొదలైంది. 2001లో మన చిత్తూరు జిల్లాలో గ్రామీణ స్త్రీలే విలేకరులుగా 'నవోదయం' వచ్చింది. వీళ్ళెవరూ రాయడం ఒకరి పని, ముద్రణ ఒకరి పని అనే గోడను గౌరవించలేదు.

1989లో కాళీ ఫర్ విమెన్ ప్రచురించిన 'శరీర్ కీ జాన్‌కారీ' మరీ స్పష్టమైన ఉదాహరణ. స్త్రీ శరీరం గురించి రాజస్థాన్ గ్రామీణ స్త్రీలు వర్క్‌షాపుల్లో కలిసి తయారుచేసిన పుస్తకమది. బట్టల్లేని మనుషుల్ని మా ఊళ్ళలో ఎక్కడ చూస్తాం అని వాళ్ళే అభ్యంతరం చెప్పారు. అందుకని బొమ్మకు బట్టలు వేసి, ఆ కాగితపు బట్టను ఎత్తితే లోపలి శరీరం కనబడేలా చేశారు. కాగితం మడతే అక్కడ ఆలోచన. ఆ పుస్తకంలో విషయం ఒకటి, ముద్రణ ఒకటి అని విడదీసి ఏ విమర్శకురాలైనా చదవగలదా?

ఉత్తరాంధ్ర స్త్రీల రచనకు ఇది ఎందుకు అవసరమో కూడా చెప్పాలి. చీపురుపల్లి చుట్టుపక్కల నేలలో మాంగనీసు ఉంది. దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో మొదలైంది మా విజయనగరం ప్రాంతంలోనే. ఆ రాయి ఏరిన ఆడవాళ్ళ మాటలు, ఊడ్పుల పాటలు, అమ్మవారి జాతర్లలో పాడుకునేవి మా మాండలికంలో ఉన్నాయి. అవి పత్రికకు వెళ్తే 'సెప్పినాది' 'చెప్పింది' అయి తిరిగొస్తుంది. పుస్తకంగా వేద్దామంటే వెయ్యి ప్రతులు అమ్ముడుపోవాలంటారు. నిజానికి మాకు కావలసింది రెండు వందల ప్రతులు. కొద్ది కాపీలకు జెరాక్సు చవక, వేల ప్రతులకు ఆఫ్‌సెట్ చవక. ఆ రెంటికీ మధ్య ఉన్న వందల లెక్క రిసోది. మాస్టర్ ఖర్చు ఒక్కసారే కాబట్టి ప్రతులు పెరిగేకొద్దీ ఒక్కోదాని ధర తగ్గుతుంది. ఫాంటు వెతుక్కోనక్కర్లేదు, చేతిరాతనే తీయొచ్చు. ఒకామె పాడిన మాటను ఆమె పలికినట్టే, ఆమె కూతురి చేతిరాతలో రెండు రంగుల్లో వేసుకోవచ్చు. దిద్దేవాళ్ళ బల్ల దాటనక్కర్లేదు.

అయితే ఒక ప్రమాదం ఉంది. చవక కాగితానికి ఆయువు తక్కువ. సైక్లోస్టైల్ కాగితాల్ని పోగొట్టుకున్నట్టే వీటినీ పోగొట్టుకుంటాం. నగరాల్లో వేసిన సంఖ్య గల ప్రతులు ఎవరో ఒకరి సేకరణలో భద్రంగా ఉంటాయి. చిన్న ఊళ్ళో వేసినవి పప్పుల పొట్లాలవుతాయి.

కాబట్టి రెండు పనులు మన చేతిలో ఉన్నాయి. విశ్వవిద్యాలయాల్లో పనిచేస్తున్న మనం మన లైబ్రరీల్లో ఈ కాగితాలకు ఒక గడి అడగాలి. పాత సైక్లోస్టైల్ బులెటిన్లు ఎవరింట ఉన్నా సేకరించి, వాటిని రాసినవారితో పాటు కోసినవారెవరో, ఆ మనుషులు ఉండగానే అడిగి రాసుకోవాలి. ఇక రాసే స్త్రీలు ఈ యంత్రం మీద ఏ పుస్తకం వేసినా, రచయిత్రి పేరు, బొమ్మలు గీసినవారి పేరు ఉన్న పేజీలోనే, అదే సైజు అక్షరాల్లో, డ్రమ్ము మార్చి కాగితాలు సరిచేసినామె పేరు కూడా, ఆమె ఒప్పుకుంటే, వేయాలి. మా విద్యార్థినుల పుస్తకంలో అలాగే వేశాం. పేరులోని సున్న నిండుగా పడిందో లేదో ఆమే రెండుసార్లు చూసుకుంది.