ఆపద్ధర్మమునకు అవధి

మహాభారతమందలి శాంతిపర్వమున ఆపద్ధర్మమును గూర్చి ప్రత్యేకముగా ఒక ఉపపర్వము కలదు. సామాన్యకాలమున కూడని కార్యము ఆపత్కాలమున కూడవచ్చునని మన పెద్దలు అంగీకరించియే యున్నారు. ఆపద తొలగిన పిదప మరల సామాన్యధర్మమే నడువవలెననుటయు ఆ యంగీకారములో నిమిడియున్నది. నేడు మన దేశమున విపత్కాలమునందు అధికారులకు గల శక్తులను నిర్ణయించునది ముఖ్యముగా 2005వ సంవత్సరపు విపత్తు నిర్వహణ చట్టము. ఈ చట్టమున అధికారము ఆరంభమగు తీరు విపులముగా వ్రాయబడినది. అది ముగియు తీరు వ్రాయబడలేదు. ఇదియే దానిపై మా ప్రధానాక్షేపణ.

అధికారులకు ఇట్టి శక్తి అక్కరలేదని మేమనము. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనను మన యిండ్లలోని పెద్దలింకను మరువలేదు. ఆ తుపానులో సుమారు 10,000 మంది మరణించిరి. 1990 మే నెలలో మరియొక ప్రచండమగు తుపాను కృష్ణాముఖమునకు చేరువనే తీరమును దాటినది. కాని యీమారు లక్షలాది జనులను ముందుగనే తరలించుటచేత మృతుల సంఖ్య వెయ్యికి లోబడి నిలిచెను. ఇల్లు విడువనని పట్టుపట్టిన ముదుసలిని బలవంతముగా లారీ యెక్కించిన ఉద్యోగి ఆమెకు ఉపకారమే చేసినాడు. ఆ సమయమున సభలు చేసి తీర్మానించుటకు వ్యవధి యుండదు.

2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత సంవత్సరము తిరుగునప్పటికి ఈ చట్టము పుట్టినది. జిల్లాలో కలెక్టరు అధ్యక్షుడుగా ఒక ప్రాధికార సంస్థ ఏర్పడును. 34వ సెక్షను ననుసరించి ఆ సంస్థ బండ్ల రాకపోకలను అరికట్టవచ్చును. మనుష్యుల ప్రవేశ నిర్గమనములను నిర్బంధింపవచ్చును. అపాయకరములగు కట్టడములను పడగొట్టవచ్చును. 65వ సెక్షను క్రింద భవనములను, వాహనములను స్వాధీనపరచుకొనవచ్చును. అందుకు ప్రతిఫలము చెల్లింపవలెనని 66వ సెక్షను విధించుచున్నది. ఆ మొత్తము చాలదనుకొన్నవాడు 30 దినములలో మధ్యవర్తి నిర్ణయమును కోరవచ్చును. ఇంతవరకు చట్టము న్యాయముగనే యున్నదని ఒప్పుకొందుము.

ఇక శిక్షాభాగమును చూడుడు. తగిన కారణము లేక అధికారి యాజ్ఞను పాటింపనివానికి 51వ సెక్షను ప్రకారము ఒక సంవత్సరమువరకు ఖైదు. అందువలన ప్రాణనష్టము కలిగినచో రెండు సంవత్సరములు. తన విధిని నెరవేర్చక తప్పించుకొన్న అధికారికిని 56వ సెక్షను ఒక సంవత్సరపు ఖైదును విధించుచున్నది. పైకి చూచిన త్రాసు సమముగ నున్నట్లే తోచును. కాని అధికారిపై అభియోగము తెచ్చుటకు 59వ సెక్షను ప్రభుత్వము యొక్క ముందనుమతిని కోరుచున్నది. సద్భావముతో చేసిన పనికి అతనిపై వ్యాజ్యము నిలువదని 73వ సెక్షను చెప్పుచున్నది. ఈ చట్టము క్రింద జరిగిన కార్యములపై వ్యాజ్యములను హైకోర్టు, సుప్రీంకోర్టు తప్ప మరే న్యాయస్థానమును విచారింపరాదని 71వ సెక్షను శాసించుచున్నది. నాగాయలంకలో పడవ పోగొట్టుకొన్న బెస్తవాడు అధికారి చర్యను ప్రశ్నింపదలచినచో అమరావతికి పోయి వకీలును పెట్టుకొనవలెను. అట్టి హక్కు అతనికున్నను లేనట్లే.

అంతకంటె పెద్దలోపము అవధి లేకపోవుట. రాజ్యాంగముననుసరించి దేశమున అత్యవసర పరిస్థితిని ప్రకటించుటకు 1978వ సంవత్సరపు 44వ సవరణ గట్టి కట్టుబాట్లను చేసినది. మంత్రివర్గము వ్రాతమూలముగా సలహా నీయవలెను. నెల లోపల పార్లమెంటు ఆమోదింపవలెను. ఆ యామోదమును ఆరు నెలలకొకమారు మరల పొందవలెను. 1975 మొదలు 1977 వరకు దేశము అనుభవించిన కష్టము నేర్పిన పాఠమది. విపత్తు నిర్వహణ చట్టము క్రింద వెలువడు ఉత్తర్వులకు ఇట్టి కట్టుబాటొక్కటియు లేదు. 2020 మార్చి 24వ తేదీ రాత్రి నాలుగు గంటల వ్యవధితో దేశమంతయు మూతపడినది. ఈ చట్టము క్రింద కోవిడును గూర్చి వెలువడిన కేంద్రాజ్ఞలు 2022 మార్చి 31 వరకు, అనగా రెండు సంవత్సరములు, ఏదో యొక రూపమున నడచినవి. వానిని కొనసాగింపవలెనా యని పార్లమెంటు నడుగవలసిన పని చట్టరీత్యా ప్రభుత్వమునకు కలుగలేదు. 2025లో ఈ చట్టమును సవరించి నగరములకు ప్రత్యేక సంస్థల నేర్పరచిరి గాని ఈ లోపమును దిద్దలేదు.

ఇది మన గృహములకు సంబంధింపని రాజకీయ చర్చ యని చదువరులు తలపకుందురు గాక. విపత్తు పేరు చెప్పి అధికారము చేయి చాచినప్పుడు అది ఈ యొక్క చట్టముతోనే ఆగదు. 2020 మార్చి చివర ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఉద్యోగుల జీతములలోను, విశ్రాంతులైన వారి పింఛనులలోను కొంతభాగమును వాయిదా వేసినది. ఒక విశ్రాంత జిల్లా న్యాయాధికారిణి ఆ యుత్తర్వులను హైకోర్టులో ప్రశ్నించెను. నిలిపిన సొమ్మును 12 శాతము వడ్డీతో చెల్లింపుడని హైకోర్టు ఆజ్ఞాపింపగా, 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వడ్డీని 6 శాతమునకు తగ్గించినది. కాని జీతము, పింఛను హక్కుగా రావలసినవే యనుటను నిలిపినది. తెలంగాణమున సొమ్మును నిలుపుమను ఉత్తర్వు మార్చి చివరనే వెలువడగా, దాని కాధారమగు ఆర్డినెన్సు జూనులో గాని పుట్టలేదు. పింఛనుతో మందులు కొనుక్కొను వృద్ధదంపతుల యింట ఆ మూడునెలలు ఎట్లు గడచియుండునో వేరుగ చెప్పనక్కరలేదు. చట్టము ముందు, చర్య వెనుక నడువవలసి యుండగా ఇచ్చట క్రమము తారుమారైనది.

ఇల్లు కాలుచుండగా నీళ్లు తెచ్చినవానిని ఏ సెక్షను క్రింద తెచ్చితివని అడుగుదురా యని కొందరు మమ్ము ప్రశ్నింపవచ్చును. మంటలార్పునపుడు అడుగము. మంట చల్లారిన మరునాడు కూడ అతడు ఇంటి తాళపుచెవిని తన యొద్దనే యుంచుకొన్నచో తప్పక అడుగుదుము. మేము కోరునది చర్యకు పూర్వము అనుమతి కాదు. చర్యకు పిమ్మట లెక్క.

ఆ లెక్కకు నాలుగు సవరణలు చాలును. ప్రతి యుత్తర్వునందును దాని కాధారమగు సెక్షనును, కారణమును, ముగియు తేదీని వ్రాయవలెను. ముప్పది దినములు దాటి సాగు ఉత్తర్వును శాసనసభ ముందుంచి ఆమోదము పొందవలెను. తెలుగునాట వెలువడు ఉత్తర్వులు తెలుగున కూడ అదే దినమున ప్రకటింపబడవలెను. నష్టపోయినవాడు జిల్లా న్యాయస్థానముననే మొరపెట్టుకొనుటకు వీలుండవలెను. వీనిలో ఏదియు తుపానునాటి కలెక్టరు చేతులను కట్టివేయదు.

చట్టము మారువరకు మన గృహస్థులును, గృహిణులును చేయదగినది యొకటి కలదు. బండిని స్వాధీనపరచుకొన వచ్చినను, అంగడిని మూయింపవచ్చినను, ఉత్తర్వు సంఖ్యను, తేదీని మర్యాదతో అడిగి వ్రాసియుంచుకొనుడు. ఆజ్ఞను పాటించుచునే అడుగుడు. అట్లడుగుట ధిక్కారమని మన పిల్లలకు నేర్పవలదు. 2020లో నిలిచిన పింఛను వడ్డీతో తిరిగివచ్చినది ఎవరో యొకరు అడిగినందుననే.