బంతి రాకముందే పని మొదలుపెట్టే ఫార్వర్డ్

తిరువూరు చుట్టుపక్కల ఊళ్లలో ఫుట్‌బాల్ పేరెత్తితే మారడోనానో మెస్సీనో తలుచుకుంటారు తప్ప తులసీదాస్ బలరాం పేరు చెప్పేవాళ్లు అరుదు. మన వైపు కబడ్డీకి ఉన్న ఆదరణ ఫుట్‌బాల్‌కు లేకపోవడం ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం అతని ఆటలోనే ఉంది. బలరాం ఫార్వర్డే, గోల్స్ కొట్టినవాడే. కానీ అతని పనితనంలో మేలైన భాగం స్కోరు పట్టీకి ఎక్కదు.

1936లో సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో ఒక తమిళ కుటుంబంలో పుట్టాడు. బీద ఇల్లు. చెప్పులు కుట్టే ఒకతను పోలీసుల పాత బూట్ల తోలుతో తనకు తొలి ఫుట్‌బాల్ బూట్లు తయారుచేసి ఇచ్చాడని బలరాం తర్వాత చెప్పుకునేవాడు. ఆ రోజుల్లో ఆ బూట్ల విలువ వేరు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్లలో చాలామంది వట్టికాళ్లతోనే ఆడి, యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయారు. ఆ తర్వాతే మన ఫుట్‌బాల్ బూట్ల దారి పట్టింది. బలరాంది సరిగ్గా ఆ మలుపులో ఎదిగిన తరం.

అతన్ని పట్టుకున్నవారు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్‌లో అందరూ రహీం సాబ్ అనేవారు. బడిపంతులుగా పనిచేసిన ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షకుడై, 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదు రోవర్స్ కప్పులు తెప్పించారు. అమ్ముగూడ నుంచి ప్రాక్టీసుకు రావడానికి బలరాంకు సైకిలు అద్దె డబ్బులు కూడా ఆయనే ఇచ్చేవారట. ఆయన శిక్షణలో ఒక పద్ధతి గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. బలహీనమైన కాలితో మాత్రమే ఆడాలనే షరతుతో ఆయన పోటీలు పెట్టేవారు. డ్రిబ్లింగ్ చేయకూడదనే షరతుతో మరికొన్ని.

దీని లోగుట్టు ఇది. ఎడమకాలితో బంతి పంపాలంటే కుడికాలు ముందుగా బంతి పక్కన పడాలి. ఆ కాలు ఎక్కడ పడింది, నడుము ఎటు తిరిగింది అన్నది చూసి అనుభవం ఉన్న డిఫెండర్ పాస్ దారి పసిగట్టేస్తాడు. కబడ్డీలో కూతకొచ్చినవాడి పాదాల మీదే కళ్లు పెట్టి కాచుకుంటారే, అలాగన్నమాట. రెండు కాళ్లూ ఒకేలా పలికేవాడి దగ్గర ఆ ఆనవాలు దొరకదు. ఇక డ్రిబ్లింగ్ లేదన్నప్పుడు, బంతి కాలికి తగలకముందే అది ఎవరికి చేరాలో తేల్చుకుని ఉండాలి. తల ఎత్తి చూసే పని ముందే అయిపోవాలి. బలరాం పెంపకం ఈ బడిలో జరిగింది. డ్రిబ్లింగ్‌లో ఎవరికీ తీసిపోడు. అయినా ముగ్గుర్ని దాటిపోయే అవకాశం ఉన్నచోట ఒక్క పాస్‌తో పని ముగించగల నిగ్రహం అతనిది. నా దృష్టిలో అదే అతని గొప్ప.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. జట్టులో బలరాం కుర్రవాడు. మరుసటి ఏడాది కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ తరఫునా, ఆ తర్వాత బెంగాల్ తరఫునా గెలిచాడు. 1961లో ఈస్ట్ బెంగాల్ కెప్టెన్‌గా జట్టుకు కలకత్తా లీగ్ తెచ్చిపెట్టి, 23 గోల్స్‌తో ఆ సీజన్‌లో అందరికంటే ముందు నిలిచాడు. అంటే గోల్స్ కొట్టడం చేతకాక పాస్‌లు ఇచ్చినవాడు కాదు.

ఇక రోమ్ ఒలింపిక్స్, 1960. మనకు పడ్డ గ్రూపులో హంగరీ, ఫ్రాన్స్, పెరూ. 1953లో వెంబ్లీలో ఇంగ్లండ్‌ను 6-3తో ఓడించినప్పుడు సెంటర్ ఫార్వర్డ్‌ను వెనక్కి దించి ప్రపంచాన్ని తికమక పెట్టిన దేశం హంగరీ. ఫార్వర్డ్ వెనక్కి వస్తే అతన్ని కాచుకునే డిఫెండర్‌కు వెంట రావాలా, నిలబడాలా తెలియదు. వస్తే వెనక ఖాళీ, రాకపోతే ఇతనికి తీరిక. ఆ కిటుకును దూరం నుంచే చదివి మన జట్లకు నేర్పినవారు రహీం సాబ్. అదే హంగరీ చేతిలో మనం 2-1తో ఓడిన ఆటలో మన ఏకైక గోల్ బలరాందే. పెరూ చేతిలో 3-1తో ఓడినప్పుడూ మన గోల్ అతనిదే. ఫ్రాన్స్‌తో 1-1 డ్రాలో గోల్ పీకే బెనర్జీది. ఆ హంగరీ జట్టులో గోల్ కొట్టిన ఫ్లోరియన్ ఆల్బర్ట్ 1967లో ఐరోపా ఉత్తమ ఆటగాడయ్యాడు. మనవాళ్లు తలపడింది అంతటివాళ్లతో!

1962 జకార్తా ఆసియా క్రీడల్లో జపాన్‌పై గెలిచిన 2-0లో ఒక గోల్ బలరాంది. దక్షిణ కొరియాతో ఫైనల్లో 2-1తో స్వర్ణం వచ్చింది. ఆ రెండు గోల్స్‌లో ఒకటి పీకేది, ఒకటి జర్నైల్ సింగ్‌ది. కుడి అంచున పీకే పరుగు, లోపల చునీ గోస్వామి ఆట, ఎడమవైపు బలరాం. పత్రికలు ఈ ముగ్గురినీ కలిపి రాసేవి. సెంటర్ ఫార్వర్డ్‌గా, ఇన్‌సైడ్ లెఫ్ట్‌గా, లెఫ్ట్ అవుట్‌గా, జట్టుకు ఎక్కడ కొరత ఉంటే అక్కడ నిలబడగలిగాడు. ఒకే చోట నిలిచినవాడికి వచ్చే పేరు ఇలా చోటు మార్చేవాడికి రాదు.

1963లో అనారోగ్యం వల్ల ఆట మానేయాల్సి వచ్చింది. వయసు అప్పటికి 27 దాటలేదు. రహీం సాబ్ కన్నుమూసింది కూడా ఆ ఏడాదే. ఆ తర్వాత బలరాం బెంగాల్‌లోనే ఉండిపోయి కుర్రాళ్లకు ఆట నేర్పాడు. 2023 ఫిబ్రవరిలో పోయాడు. పీకేకూ చునీకీ పద్మశ్రీ దక్కింది. బలరాంకు 1962 నాటి అర్జున అవార్డుతో సరిపెట్టారు. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది. ఆ ముగ్గురిలో పక్కవాళ్ల ఆట కోసం తన చోటును ఎక్కువగా వదులుకున్నవాడు అతనే.