7.5 థ్రెడ్ స్టాక్‌కు డిఫాల్ట్ పరిమాణం: విమర్శనాత్మక పరిశీలన

ఒకే ప్రోసెస్‌లోని థ్రెడ్‌లు మెమరీని పంచుకున్నా, ప్రతి థ్రెడ్‌కూ సొంత స్టాక్ ఉంటుందని గత భాగంలో తెలుసుకున్నారు. ఆ స్టాక్ ఎంత ఉండాలో ప్రోగ్రామర్ చెప్పకపోతే వ్యవస్థే ఒక విలువను ఎంచుకుంటుంది. ఆ ఎంపిక ఎంతవరకు సమంజసమో ఇక్కడ పరిశీలిద్దాం.

7.5.1 ఆచరణలో ఉన్న విలువలు

విండోస్‌లో 1 మెగాబైటు. మాక్ఓఎస్‌లో ప్రధాన థ్రెడ్ కాని వాటికి 512 కిలోబైట్లు. గ్నూ సి లైబ్రరీ వాడే లినక్స్‌లో సాధారణంగా 8 మెగాబైట్లు. మసల్ సి లైబ్రరీలో 128 కిలోబైట్లు. ఒకే పనికి 64 రెట్ల తేడా!

ఈ 8 మెగాబైట్లు థ్రెడ్‌ల అవసరాన్ని కొలిచి నిర్ణయించినవి కావు. అది ప్రధాన స్టాక్‌కు విధించిన పరిమితి. ప్రధాన స్టాక్ దాని లోపల అవసరం మేరకు పెరుగుతుంది. థ్రెడ్ విషయంలో అదే అంకె ముందస్తు కేటాయింపుగా మారింది. నా విమర్శ ప్రధానంగా ఇక్కడే.

7.5.2 పరిమాణం పెద్దదైతే

గోదావరి గట్లను గుర్తు తెచ్చుకోండి. గట్టుకూ గట్టుకూ మధ్య వెడల్పంతా నదిదే. వేసవిలో నీరు మాత్రం ఒక పాయలోనే పారుతుంది. 8 మెగాబైట్లు అటువంటి వెడల్పే. కేటాయించినవి వర్చువల్ అడ్రస్‌లు. స్టాక్ అక్కడిదాకా చేరినప్పుడే భౌతిక మెమరీ వస్తుంది. కాబట్టి 64 బిట్ యంత్రాల్లో వృథా అన్న ఆరోపణ చాలావరకు నిలవదు.

32 బిట్ యంత్రాల్లో నిలుస్తుంది. ప్రోసెస్‌కు దక్కే 3 గిగాబైట్లను 8 మెగాబైట్లతో భాగిస్తే 384. రాజమహేంద్రవరంలో నేను పాఠం చెప్పే రోజుల్లో ఒక విద్యార్థి ప్రోగ్రాం 380 థ్రెడ్‌ల లోపే ఆగిపోయింది. మెమరీ చాలలేదని చెప్పాను. నిజానికి మెమరీ ఖాళీగానే ఉంది, అయిపోయినవి అడ్రస్‌లు. మరునాడు తరగతిలో నా తప్పు దిద్దుకున్నాను.

7.5.3 పరిమాణం చిన్నదైతే

ఒక లినక్స్‌లో చక్కగా నడిచిన ప్రోగ్రాం, మసల్ వాడే ఆల్పైన్ లినక్స్‌కు మార్చగానే లోతైన రికర్షన్ దగ్గర కూలిపోవచ్చు. ధవళేశ్వరం వద్ద 11.75, 13.75, 17.75 అడుగులకు మూడు ప్రమాద హెచ్చరికలు ఇస్తారు. స్టాక్‌కు అటువంటి హెచ్చరికలు లేవు. చివర ఒక కాపలా పేజీ ఉంటుంది. తాకితే ప్రోగ్రాం ముగుస్తుంది. పెద్ద స్థానిక అర్రే ఉన్న ఫంక్షన్ ఆ పేజీని తాకకుండానే దాటిపోతే పక్క మెమరీ చెడిపోతుంది. ఇది మరింత ప్రమాదకరం.

7.5.4 నిర్ణయం

గో భాష 2 కిలోబైట్లతో మొదలుపెట్టి, చాలనప్పుడు పెద్ద స్టాక్‌లోకి అంతా నకలు చేస్తుంది. అక్కడ పాయింటర్లు ఎక్కడున్నాయో వ్యవస్థకు తెలుసు. సి భాషలో తెలియదు కనుక స్టాక్‌ను కదల్చలేం. అందుచేత సి లో ముందే నిర్ణయించక తప్పదు.

నా అభిప్రాయంలో 64 బిట్ యంత్రాలపై పెద్ద విలువే తక్కువ హాని చేస్తుంది. అయినా అది కొలతకు ప్రత్యామ్నాయం కాదు. 1986 ఆగస్టులో సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు గట్లకు గండ్లు పడ్డాయి. గట్టు ఎత్తును సగటు ప్రవాహం చూసి నిర్ణయించరాదు. స్టాక్ పరిమాణమూ అంతే. మీ ప్రోగ్రాంలో అతి లోతైన పిలుపును కొలవండి, కొంత అదనం కలపండి, ఆ విలువను థ్రెడ్ సృష్టించేటప్పుడు మీరే ఇవ్వండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 2 గిగాబైట్ల అడ్రస్‌లు మాత్రమే ఉన్న ప్రోసెస్‌లో 1 మెగాబైటు స్టాక్‌తో గరిష్ఠంగా ఎన్ని థ్రెడ్‌లు సాధ్యం? ఆచరణలో అంతకంటే తక్కువ ఎందుకు?
2. పరిమితికీ కేటాయింపుకూ భేదాన్ని మీ మాటల్లో రాయండి.