వెనుకవాని దీపము

ముందు దీపమారినచో దారి కానరాక నడుపువాడు తానే ఆగును; హారను మూగవోయినచో నొక్కిన క్షణముననే ఎఱుగును; బ్రేకు లైటు చెడిన సంగతి మాత్రము వానికి తెలియవలెనన్న, వెనుక వచ్చువాడెవడైన దయతో చెప్పవలెను, కాదేని వచ్చి గుద్దవలెను. తన కక్కఱకు రాక, ముఖపరిచయమైన లేని పరుని కొఱకే వెలుగు దీపమగుటచేతనే కాబోలు, దాని విషయమున మన కింతటి ఉపేక్ష.

ఈ ఉపేక్షను నేను సహింపలేకున్నాను. కార్తిక సోమవారములందు చీకటితోనే భీమేశ్వరుని దర్శనమునకు బయలుదేరిన బస్సులును, ఆటోలును, మోటారు సైకిళ్లును ఒకదాని నొకటి ఒరయుచు ద్రాక్షారామము దారి పట్టునపుడు, ముందరి బండి ఆగబోవుచున్నదని చెప్పునది ఆ ఎఱ్ఱని వెలుగొక్కటియే. కోతల కాలమున పొద్దుగ్రుంకిన పిదప ధాన్యపు బస్తాలతో వచ్చు ట్రాక్టరు ట్రక్కులకు అదియు లేదు. ఇంజనునుండి ట్రక్కునకు పోవలసిన తీగను తగిలించు ఓపిక ఎవరికిని ఉండదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలో స్టాపు లైటు ప్రసక్తి లేకపోలేదు. చీకటిలో ట్రక్కు వెనుక చిక్కినవానికి ఆ నియమ మేమి ఆదుకొనును?

మా ఇంటనున్నది పాత అంబాసిడరు. విలాయతి మోరిస్ ఆక్స్‌ఫర్డు నమూనాపై వంగదేశమునందలి ఉత్తరపారాలో తయారైన ఆ జాతి కార్ల ఉత్పత్తి 2014లో నిలిచిపోయినది గాని, వాని వైరింగు మాత్రము ఓర్పుగలవాని కెల్ల బోధపడునంత సరళమైనది. ఇట్టి బండి వెనుక వెలుగు రానప్పుడు పలువురు మొట్టమొదట బల్బు కొనుటకు పరుగెత్తుదురు. అది తగదు. ముందుగ తాళము త్రిప్పియుంచి, ఒకరిచేత బ్రేకు త్రొక్కించి, ఆరినది ఒక వైపా, రెండు వైపులా అని చూడవలెను. రెండును ఒక్కమాటుగ ఆరినచో రెండు బల్బులును ఒకేనాడు మాడియుండుట అరుదు గనుక, దోషము రెండింటికిని ఉమ్మడియైన ఫ్యూజులోనో, స్విచ్చిలోనో, తీగలోనో ఉండును. ఆ ఫ్యూజుమీదనే ఆధారపడిన తక్కిన వస్తువులు కూడ ఆగినచో వెదకుట అక్కడితో ముగియును. పోయిన ఫ్యూజు స్థానమున లావుపాటి తీగ చుట్టువారిని చూచినపుడు నాకు భయమగును. ఫ్యూజు కాలుట వైరింగు కాలకుండుటకే గదా.

ఫ్యూజు బాగున్నచో స్విచ్చి వంతు. స్విచ్చికి వచ్చు రెండు తీగలను విప్పి ఒకదానితో నొకటి తాకించినపుడు లైట్లు వెలిగినచో స్విచ్చి చెడినదని నిశ్చయింపవచ్చును. ఆ తరము కార్లలోను జీపులలోను ఈ స్విచ్చి పెడలు కడ గాక బ్రేకు ఆయిలు గొట్టమునందే ఉండుట కద్దు. ఆయిలు ఒత్తిడిచే అది కలియును గావున, చెడ నారంభించిన స్విచ్చి గట్టిగ త్రొక్కినపుడు వెలిగించి, మెల్లగ త్రొక్కినపుడు మిన్నకుండును. దాని చుట్టు ఆయిలు చెమ్మ కనబడినచో ఒక్క దినమైన జాగు చేయరాదు. అది లైటు మాట కాదు, బ్రేకు మాట. క్రొత్తది బిగించిన పిదప గొట్టములలోని గాలి తీసియే బండి కదల్పవలెను.

ఒక వైపే ఆరినచో వ్యవహారము మఱింత రసవత్తరము. వెనుకనున్నది ఒకే బల్బైనను దానిలో రెండు తీగచుట్టలుండును; టైలు లైటునకు 5 వాట్లది, బ్రేకునకు 21 వాట్లది. రెండింటికిని ఎర్తు ఒక్కటియే, బల్బు ఇత్తడి ఒడలే. హోల్డరులో చిలుము పట్టి ఆ ఎర్తు తెగినచో, బ్రేకు త్రొక్కినప్పుడు వచ్చిన కరెంటు పోవు దారి లేక, ప్రక్కనున్న టైలు చుట్టగుండ ఎదురెక్కి, ఆవలి వైపు దీపముద్వారా బాడీని చేరును. మురుగు కాలువ పూడినపుడు పంట కాలువ నీరు పొరుగువాని చేలోనికి పొర్లుటను ఎఱిగిన మా డెల్టావారికి దీనిని వేఱుగ బోధింపనక్కఱలేదు. రాత్రి టైలు లైటు వేసియుండగా బ్రేకు త్రొక్కినంతనే ఆ వైపు దీపము ప్రకాశించుటకు మాఱు ఆరిపోయినచో ఎర్తే దోషియని నమ్మవచ్చును.

“బల్బుదేం లేదండి. ముందు ఎర్తు చూసుకోండి, ఆ తర్వాతే డబ్బులు ఖర్చు పెట్టండి,” అని మా వైరింగు మేస్త్రి వచ్చినవారి కందఱికిని చెప్పుచుండును. ఆయన హోల్డరు అంచునుండి బాడీలోని శుభ్రమైన ఇనుముదాక విడి తీగ నొకదానిని పట్టి చూపును. అంతవఱకు చచ్చియున్న దీపము భగ్గున వెలుగును. టైలు లైటు వెలుగుచున్నది గదా, ఎర్తు మంచిదేయని వాదించువారు కలరు. 12 వోల్టుల బ్యాటరీపై 21 వాట్ల దీపము దాదాపు ఒకటిముప్పావు ఆంపియర్లు త్రాగును. 5 వాట్లదానిని ఎట్లో నెట్టుకొనివచ్చు చిలుము పట్టిన అతుకు దానికి చాలదు.

దోషము తెలిసిన పిదప చేయు పని స్వల్పము. హోల్డరు లోపలి పచ్చని చిలుమును గరుకు కాగితముతో ఇత్తడి మెఱయుదాక గీచి, ఎర్తు స్క్రూ క్రింది రంగును తుప్పును తొలగించి, బిగించి, పైన ఇంచుక వాజిలీను పూయవలెను. లెన్సు క్రింది రబ్బరు ఎండి పగిలియున్నచో ఆ పూటయే మార్చవలెను. లేకున్న తొలకరి వానకే నీరు మరల లోనికి దిగును. సాయంకాలము సున్నము వేసిన గోడకు వెనుక భాగము చూపి బండి నిలిపి బ్రేకు త్రొక్కినచో, గోడపై రెండు వెలుగులును సమముగ పడినవో లేదో అద్దములో ఒంటరిగనే చూచుకొనవచ్చును; ఒకటి మసకగనున్నచో ఆ వైపు స్క్రూ మరల విప్పి చూడవలసినదే.