అంగుళానికి 26 చుట్లు

పాత ఇంగ్లీషు సైకిలును మళ్ళీ రోడ్డెక్కించడంలో అసలు చిక్కు మర దగ్గర వస్తుంది. 28 అంగుళాల టైర్లు, ట్యూబులు, అర అంగుళం పిచ్ చైను, రాడ్ బ్రేకుల రబ్బరు కట్టెలు, వెనక చక్రానికి 40, ముందు చక్రానికి 32 పుల్లలు నేటికీ దేశీ సైకిళ్ళలో వాడుకలో ఉన్నవే. సైకిల్ షాపులో అడిగితే చాలావరకు దొరుకుతాయి. హ్యాండిల్ కింద ఫోర్కును పట్టి ఉంచే లాక్ నట్టు, రెండు పెడళ్ళ మధ్య ఇరుసు తిరిగే బీబీ (బాటమ్ బ్రాకెట్) కప్పు, హబ్బు ఇరుసు కొసన బిగించే నట్టు మాత్రం అలా కాదు. చూడ్డానికి కొత్తదీ పాతదీ ఒక్కలాగే ఉంటాయి. వేలితో తిప్పితే ఒకటిన్నర చుట్టు హాయిగా ఎక్కుతాయి, ఆపైన మొండికేస్తాయి.

సికిందరాబాదులో ఈ బెడద ఎక్కువ కావడానికి ఊరి పుట్టుకే కారణం. 1806లో కంటోన్మెంటుగా మొదలైన ఊరు ఇది. పల్టన్లతో పాటు ఇంగ్లీషు సరుకూ వచ్చింది. నాటింగ్‌హామ్ నుంచి రాలే, బర్మింగ్‌హామ్ నుంచి బీఎస్‌ఏ, హెర్క్యులిస్, ఫిలిప్స్ సైకిళ్ళు దిగాయి. స్వాతంత్ర్యం తర్వాత దిగుమతులకు కళ్ళెం పడింది. మద్రాసులో 1949లో టీఐ సైకిల్స్, సోనీపత్‌లో 1951లో అట్లాస్, ఆసన్సోల్ దగ్గర సేన్-రాలే, 1956లో లూధియానాలో హీరో ఆ చోటు నింపాయి. కాబట్టి తిరుమలగిరి, బొల్లారం వైపు పాత ఇళ్ళలో దుమ్ము పట్టిన నల్ల సైకిలు కనిపిస్తే అది ఏ దేశపు ఫ్యాక్టరీలో తయారైందో పేరును బట్టి తేల్చలేం. ఇంగ్లండు పేర్లతోనే దేశీ సైకిళ్ళూ వచ్చాయి. అర శతాబ్దంలో ఎందరో మెకానిక్కుల చేతుల మీదుగా నడిచిన బండికి ఫ్రేము ఒకచోటిది, ఫోర్కు మరోచోటిది కావడమూ మామూలే.

మరకు ఒక ప్రమాణమంటూ ఉండాలని 1841లో ప్రతిపాదించినవాడు ఇంగ్లీషు ఇంజనీరు జోసెఫ్ విట్‌వర్త్. ఆయన మర కోణం 55 డిగ్రీలు. రైలింజన్లకూ వంతెనలకూ అది సరిపోయింది. సైకిలు గొట్టం గోడ పలచన, అందులో లోతైన మర కోస్తే గొట్టమే మిగలదు. అందుకని ఇంగ్లండులోని సైకిల్ ఇంజనీర్ల సంస్థ 1902లో 60 డిగ్రీల కోణంతో, సన్నని చుట్లతో వేరే ప్రమాణం పెట్టుకుంది. దాన్నే సైకిలు మర అంటారు. చిన్న ఇరుసులకూ నట్లకూ అంగుళానికి 26 చుట్లు. బీబీ కప్పులకు, ఫోర్కు గొట్టానికి మాత్రం 24 చుట్ల కొలత స్థిరపడింది. దానికి వాడుకలో బీఎస్‌ఏ మర అని పేరు. రాలే ఆ దారిన నడవలేదు. తన బీబీ కప్పులకూ ఫోర్కులకూ కూడా 26 చుట్లే ఉంచుకుంది. తన సైకిలుకు కావలసినవన్నీ దాదాపు తానే చేసుకున్న కంపెనీకి ఇతరులతో పొత్తు అక్కర్లేకపోయింది. ఫలితం మాత్రం కొన్నవాడి నెత్తిన పడింది: రాలే సైకిలు కప్పు పోతే మళ్ళీ రాలే గుమ్మమే తొక్కాలి. ఫ్రాన్సులో 35 మిల్లీమీటర్ల కప్పు, ఇటలీలో 36 మిల్లీమీటర్ల కప్పు ఉన్నాయి గానీ సికిందరాబాదు వీధుల్లో ఆ గొడవ తక్కువ.

24కూ 26కూ తేడా ఎంత? 24 చుట్ల మరలో ఒక చుట్టుకు 1.058 మిల్లీమీటర్ల జరుగుడు, 26లో 0.977. తేడా మిల్లీమీటరులో పదో వంతు కూడా లేదు. మొదటి చుట్టులో అది తెలియదు. రెండో చుట్టుకు రెట్టింపవుతుంది, మూడో చుట్టుకు పాత మర అంచు మీద కొత్త మర ఎక్కి కూర్చుంటుంది. అక్కడ చేయి ఆపినవాడు బతికిపోతాడు. పొడుగాటి స్పానర్ వేసి బలం చూపినవాడు కప్పుతో పాటు ఫ్రేము మరనూ కోసేస్తాడు. హబ్బు ఇరుసుల దగ్గర మోసం ఇంకా నాజూకు. ముందు చక్రం ఇరుసు రెండున్నర సూతులు, అంటే 5/16 అంగుళం, 7.94 మిల్లీమీటర్లు. దానికి 8 మిల్లీమీటర్ల మెట్రిక్ నట్టు పట్టినట్టే పడుతుంది, కొన్ని చుట్లు పోయాక బిర్రబిగుస్తుంది. వెనక ఇరుసు మూడు సూతులు, 9.53 మిల్లీమీటర్లు. 10 మిల్లీమీటర్ల నట్టు దాని మీద వదులుగా జారి, బరువు పడగానే మరను నాకేస్తుంది.

అందువల్ల వెతుకులాట బజారులో కాదు, కొలతతో మొదలవుతుంది. వెర్నియర్‌తో వ్యాసం, పిచ్ గేజితో చుట్లు చూడాలి. గేజి పళ్ళను మరలో ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, సరైన పలక దగ్గర సందు కనబడదు. గేజి లేనప్పుడు పనికొచ్చే పాత ఉపాయం ఒకటుంది. కప్పును శుభ్రంగా తుడిచి, మర మీద కాగితం పరిచి బొటనవేలితో గట్టిగా నొక్కితే గీతలు దిగుతాయి. అర అంగుళంలో 12 గీతలుంటే 24 చుట్లు, 13 ఉంటే 26. ఒక్క గీత తేడాయే కాబట్టి రెండుసార్లు లెక్కపెట్టాలి.

కొలతతో పాటు మర ఏ దిక్కుదో కూడా తెలియాలి. దక్కనీలో మరను చూడీ అంటారు. ఎడమ మర ఉల్టా చూడీ. ఇంగ్లీషు సైకిలులో ఎడమ పెడల్‌కూ, చైను వైపు బీబీ కప్పుకూ ఉన్నది ఈ ఉల్టా చూడీయే. ఆ కప్పు విప్పాలంటే గడియారం ముల్లు దిశలో తిప్పాలి. ఇది తెలియక విప్పబోయి మరింత బిగించి, చివరికి సుత్తి పట్టిన సందర్భాల గుర్తులు పాత ఫ్రేముల మీద గాట్లుగా కనిపిస్తాయి.

కొలత తేలాక, మర ఉన్న భాగం నిజంగా పోయిందా అన్నది చూడాలి. ఇది చాలామంది దాటేసే మెట్టు. బీబీలో ముందుగా అరిగేవి పావంగుళం బాల్సు, ఆ తర్వాత ఇరుసు. పెడల్ కాడలను పిన్నులతో బిగించే కాటర్ పిన్నుల కాలపు బీబీ ఇరుసుకు మర ఉండదు. పొడవు, బాల్సు దొర్లే జాడల మధ్య దూరం, పిన్ను గాడి కుదిరితే ఏ కంపెనీదైనా సరే. కప్పు లోపలి జాడ నున్నగా ఉంటే దాన్ని కదిలించకుండానే పని ముగుస్తుంది. ఫోర్కు ఫిట్టింగులోనూ అంతే. నాలుగు గిన్నెల్లో మూడు మర లేనివి, దిగగొట్టేవి. మర ఉన్నవి పై గిన్నె, దాని మీది లాక్ నట్టు మాత్రమే. మొత్తం సెట్టు కోసం ఊరంతా తిరిగేవాడికి నిజంగా కావలసింది ఒక్కోసారి ఒక్క నట్టే.

ఆ ఒక్క నట్టూ దొరికే చోట్లు కొన్నే. పాత సైకిల్ షాపుల అటకల మీద అమ్ముడుపోని సరుకు ఒకటి. హైదరాబాదులో జుమ్మేరాత్ బజారు, ఎర్రగడ్డ ఆదివారం సంత లాంటి చోట్ల పరిచే పాత ఇనుము మరొకటి. విడి భాగాల కుప్పలో చేయి పెట్టడం కంటే పనికిరాని రాలే ఫ్రేమును ఫోర్కుతో సహా తూకానికి కొనడం మేలు. కప్పు, గిన్నె, నట్టు ఒకే మరతో జతగా వస్తాయి. తుప్పుకు నూనె పోసి రెండు రోజులు నాననిస్తే చాలావరకు ఊడివస్తాయి. మూడు గేర్ల స్టర్మీ-ఆర్చర్ హబ్బు ఉంటే దాని కాలం తేల్చడం సులువు, ఎందుకంటే చాలావాటి తొడుగు మీద తయారైన సంవత్సరం అంకెల్లోనే ఉంటుంది. 1936లో వచ్చిన ఏడబ్ల్యూ రకం లోపలి పళ్ళచక్రాలు దశాబ్దాల పాటు పెద్దగా మారలేదు, ఒక హబ్బువి మరో హబ్బుకు పనికొస్తాయి. దాని ఇరుసు నట్టు మాత్రం 13/32 అంగుళం, 26 చుట్లు. మామూలు సైకిలు నట్టేదీ ఆ ఇరుసుకు ఎక్కదు, పాతది పారేయకూడదు.

దొరకనిదాన్ని చేయించుకోవాలి. ఆ విషయంలో సికిందరాబాదు అదృష్టవంతురాలు. 1893 నాటి లాలాగూడ రైల్వే వర్క్‌షాపు, 1943లో మొదలైన కవాడిగూడ ప్రాగా టూల్స్ యంత్రాల ఫ్యాక్టరీ వెలసిన ఊళ్ళో లేత్ పని తెలిసిన చేతులకు కొరత లేదు. టాపులు, డైలు, బేరింగులు, ఉక్కు బాల్సు రాణిగంజ్‌లో దొరుకుతాయి. బ్రిటిష్ మోటారుసైకిళ్ళు కూడా ఏళ్ళ తరబడి ఈ సైకిలు మరనే వాడాయి కనుక, పాత బుల్లెట్లు బాగుచేసేవారి పెట్టెలో మూడు సూతుల 26 చుట్ల టాపు ఉండే అవకాశం ఉంది. కప్పు, ఫోర్కు సైజులకు మాత్రం 26 చుట్ల టాపు దొరకదు, లేత్ మీద కోయాల్సిందే.

లేత్ మీద 24కూ 26కూ తేడా ఒక్క పళ్ళచక్రం. లీడ్‌స్క్రూకు అంగుళానికి 4 చుట్లున్న పాత లేత్‌లో 20, 60, 40, 80 పళ్ళ గేర్లు జత చేస్తే 24 చుట్ల మర వస్తుంది. 60 తీసి 65 వేస్తే 26. ఆ 65 పళ్ళ గేరు లేనిదే ఈ జత కుదరదు, కాబట్టి ముందు అది ఉందో లేదో అడగాలి. కోసే పనిముట్టు 60 డిగ్రీలకు సాన పట్టాలి. రైల్వే పనికి అలవాటైన చేయి 55 డిగ్రీల విట్‌వర్త్ పనిముట్టు అందుకుంటే నట్టు ఎక్కుతుంది గానీ మర పక్కలు సరిగా ఆనవు, బండి అదురుకు వదులవుతుంది. లాక్ నట్టు మెత్తటి ఉక్కుతో చేసినా ఫర్వాలేదు. బాల్సు దొర్లే కప్పుకు ఆ ఉక్కు చాలదు. లేత్ మీద కోసిన కప్పును బొగ్గుపొడిలో మూసి ఎర్రగా కాల్చి, పై పొరకు కర్బనం పట్టించి, మళ్ళీ కాల్చి నీళ్ళలోనో నూనెలోనో ముంచితేనే ఆ పొర గట్టిపడుతుంది. ఈ మెట్టు దాటేసిన కప్పు ఎంత అందంగా ఉన్నా కొన్ని నెలల్లో గుంటలు పడుతుంది.

అన్నీ విఫలమైతే ఫ్రేములోనే 26 మీద 24 చుట్ల టాపు దించేవారున్నారు. బాల్సు నడుస్తాయి, సైకిలు కదులుతుంది. కానీ పాత మర మీద కొత్త మర అడ్డంగా పడి పళ్ళు సగం తెగుతాయి, రాలే బీబీ గొట్టం వెడల్పు కూడా మామూలు 68 మిల్లీమీటర్లు కాదు, 71 లేదా 76, కాబట్టి కొత్త సీల్డ్ బీబీ కోసమైతే గొట్టం కొసలు కూడా చెక్కాలి. అంతకంటే మర అవసరం లేకుండా లోపలే విచ్చుకుని పట్టుకునే బీబీ మేలు, రేపు అసలు కప్పు దొరికితే విప్పేయవచ్చు. ఫోర్కు మరను తిరగకోయడం మాత్రం ఏ పరిస్థితిలోనూ తగదు. హ్యాండిల్ బరువంతా మోసే పలచటి గొట్టం అక్కడే తెగుతుంది.

సరైన భాగం చేతికొచ్చాక బిగింపు చిన్న పని. మరలోని పాత గ్రీజును కిరసనాయిలుతో కడిగి, కొత్త గ్రీజు రాసి, కప్పును ముందు వెనక్కి తిప్పాలి. మర కొస జారి టక్కుమన్న చోట ఆపి ముందుకు తిప్పితే అడ్డంగా ఎక్కదు. కనీసం నాలుగైదు చుట్లు వేళ్ళతోనే వెళ్ళాలి, స్పానర్ ఆ తర్వాతే. విప్పిన పాత కప్పును తీగకు గుచ్చి, దాని మీద 26 అని రాసిన చీటీ కట్టి డబ్బాలో వేస్తారు.