పన్నెండే బొమ్మలు

బరోడాలో తయారై, ఒకప్పుడు పెళ్లిళ్లకూ తిరునాళ్లకూ మన వెంట వచ్చిన ఆగ్ఫా క్లిక్-3 కెమెరా నాకిప్పటికీ ముద్దే. 120 రకం రీలు ఒకటి వేస్తే వచ్చేవి 12 చదరపు బొమ్మలే. అందుకే ముందు కన్ను పనిచేస్తుంది, తర్వాతే వేలు. చెరువులో కదలక నిలుచున్న కొంగ, అరుగు మీద చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అవ్వ... ఎండ ఏ వైపు పడుతోందో చూసి, ఊపిరి బిగబట్టి మీట నొక్కాలి. వెనక ఎర్ర కిటికీలో తర్వాతి అంకె కనిపించేదాకా రీలు తిప్పాలి. మరిచిపోతే అవ్వ ఒడిలోనే కొంగ వాలుతుంది!

చీకటిగదిలో, ఎర్రదీపం వెలుగులో, డెవలపర్ పళ్లెంలోని తెల్లకాగితం మీద ముందు కొంగ రెక్క, ఆపైన నీటి మడతలు మెల్లగా తేలివస్తాయి. ఎన్నిసార్లు చూసినా ఆ నిమిషం కొత్తే. ఓపికగా చూడటం నేర్పిన ఈ పెట్టెకు దండం.